నల్ల దూడలో హెచ్‌ఎఫ్ రక్తం ఎంత? పశువుల రంగు వెనక జన్యువుల లెక్క

పాడి పశువుల సంతలో బేరం చాలాసార్లు రంగుతోనే మొదలవుతుంది. ఒంటి మీద నలుపు తెలుపు మచ్చలు స్పష్టంగా ఉన్న పెయ్యలో హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే విదేశీ పాడి జాతి) రక్తం ఎక్కువని, కాబట్టి పాలు కూడా ఎక్కువే ఇస్తుందని ధర పెంచుతారు. మచ్చలు లేని నల్ల పెయ్యను ఒక మెట్టు తగ్గించి చూస్తారు. నల్లావుకు గోధుమరంగు దూడ పుడితే సూది మారిపోయిందని, కృత్రిమ గర్భధారణ చేసిన కార్యకర్తను నిలదీస్తారు. సంకర పశువుల విషయంలో ఈ మూడు అంచనాలూ నిలబడవు. రంగును నిర్ణయించేవి కొద్దిపాటి జన్యువులు. పాల దిగుబడి వెనక వేలకొద్దీ చిన్నచిన్న జన్యు తేడాలు, వాటితో పాటు మేపు, యాజమాన్యం, ఆరోగ్యం ఉంటాయి. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని కొలవబోయి నష్టపోయేది రైతే. అందుకే రంగు దూడకు ఎలా సంక్రమిస్తుందో కాస్త ఓపికగా తెలుసుకోవడం అవసరం.

ఆవు వెంట్రుకల్లో ఉండే వర్ణకాలు రెండే. నలుపును, ముదురు గోధుమను ఇచ్చేది యూమెలనిన్. ఎరుపును, పసుపు ఛాయను ఇచ్చేది ఫియోమెలనిన్. రెండింటినీ తయారు చేసేది ఒకే రకం కణం, దాని పేరు మెలనోసైట్. ఏ వేళ ఏది తయారు చేయాలో చెప్పే మీట ఆ కణం పైపొర మీద ఉండే ఒక గ్రాహకం. ఆ గ్రాహకాన్ని తయారు చేసే జన్యువు పేరు ఎంసీ1ఆర్. పశువులకున్న 30 జతల క్రోమోజోముల్లో ఇది 18వ దాని మీద ఉంది. ఒక హార్మోను వచ్చి గ్రాహకానికి అతుక్కుంటే కణం నల్ల వర్ణకం చేస్తుంది. అగౌటి అనే ప్రోటీను అడ్డుపడితే ఎర్ర వర్ణకం చేస్తుంది.

ఈ జన్యువుకు ముఖ్యంగా మూడు రూపాలున్నాయి. మొదటిది సహజ రూపం. హార్మోను మాటా, అగౌటి మాటా రెండూ వింటుంది కాబట్టి ఒకే పశువు ఒంటి మీద ఒకచోట ముదురుగా, మరోచోట లేతగా రంగు వస్తుంది. రెండోది నలుపు రూపం. గ్రాహకంలో 99వ స్థానంలో ఉండాల్సిన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ప్రోలిన్ చేరడంతో హార్మోను ఉన్నా లేకపోయినా ఇది నల్ల వర్ణకమే చేయిస్తుంది. ఇక అగౌటి ఏం చెప్పినా దీనికి పట్టదు. మూడోది ఎరుపు రూపం. జన్యువులో ఒకే ఒక అక్షరం లోపించినందువల్ల గ్రాహకం పూర్తిగా తయారే కాదు, కణం ఎర్ర వర్ణకం దగ్గరే ఆగిపోతుంది. నార్వే పరిశోధకులు 1995లో పశువుల్లో ఈ తేడాలను డీఎన్‌ఏ స్థాయిలో గుర్తించారు. మూడింటిలో నలుపు రూపానిదే పైచేయి, తర్వాత సహజ రూపం, చివర ఎరుపు. దూడకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండింటిలో ఒక్కటి నలుపు రూపమైతే చాలు, దూడ నల్లగా పుడుతుంది.

ఇప్పుడు ఒంగోలు ఆవుకు హెచ్‌ఎఫ్ వీర్యం వేయించారనుకుందాం. ఒంగోలు ఆవు దగ్గర ఉన్నవి సాధారణంగా రెండూ సహజ రూపాలే. హెచ్‌ఎఫ్ ఆబోతు దగ్గర ఎక్కువగా రెండూ నలుపు రూపాలు. పుట్టే ప్రతి దూడకూ ఒక నలుపు, ఒక సహజ రూపం వస్తాయి. తల్లి తెల్లగా మెరిసిపోతున్నా దూడ నల్లగా పుట్టేది అందుకే. ఒంగోలు తెలుపుకు కారణమైన జన్యువులు ఆ దూడలో భద్రంగానే ఉంటాయి, కాకపోతే పైన నలుపు కప్పేస్తుంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో తెల్లని థార్‌పార్కర్ ఆవులను హెచ్‌ఎఫ్‌తో కలిపి కరణ్ ఫ్రైస్ అనే సంకర జాతిని రూపొందించారు. అందులోనూ నలుపే ప్రధానంగా కనిపిస్తుంది.

చిక్కు వచ్చేది రెండో తరంలో. ఆ నల్ల పెయ్య ఎదిగాక మళ్లీ హెచ్‌ఎఫ్ వేయిస్తే దూడలన్నీ నల్లగానే పుడతాయి, వాటిలో విదేశీ రక్తం సగటున 75 శాతం. అదే పెయ్యకు ఒంగోలు వీర్యం వేయిస్తే దూడల్లో సగం నల్లగా, సగం దేశవాళీ రంగులో పుడతాయి. అన్నిటిలోనూ విదేశీ రక్తం సగటున 25 శాతమే. రెండు సగం సంకరాలను కలిపితే నాలుగు దూడల్లో మూడు నల్లగా పుట్టే అవకాశం ఉంది. రక్తం మాత్రం సగటున 50 శాతం దగ్గరే ఉంటుంది. అంటే సంతలో పక్కపక్కన కట్టేసిన మూడు నల్ల పెయ్యల్లో విదేశీ రక్తం పావు, సగం, ముప్పావు వంతుల్లో ఎంతైనా కావచ్చు. మూడింటి నలుపూ ఒకేలా ఉంటుంది. పైగా ఈ శాతాలన్నీ సగటులే. మొదటి తరంలో సరిగ్గా సగం వస్తుంది గానీ, ఆ తర్వాత క్రోమోజోములు కలగాపులగంగా పంచుకుపోతాయి కాబట్టి ఒకే తల్లికి, ఒకే ఆబోతుకు పుట్టిన అక్కాచెల్లెళ్ల మధ్య కూడా వాటాలు ఒకేలా ఉండవు.

మచ్చల లెక్క వేరు. రంగు కణాలు పిండం ఎదిగే తొలి రోజుల్లో వెన్ను పొడవునా పుట్టి, అక్కడి నుంచి రెండు పక్కలా కిందికి, ముందుకు, వెనక్కి పాకుతూ పోతాయి. ఈ ప్రయాణాన్ని నడిపించే జన్యువుల్లో కిట్, ఎంఐటీఎఫ్ ముఖ్యమైనవి. హెచ్‌ఎఫ్‌లో ఉండే రూపాల వల్ల కణాలు అన్ని చోట్లకూ చేరవు. చేరని చోట వెంట్రుక తెల్లగా మిగిలిపోతుంది. ఇలాంటి పశువుల్లో సాధారణంగా వెన్నుకు దూరంగా ఉన్న భాగాలకే తెలుపు ముందు వస్తుంది. అంటే నుదురు, పొట్ట అడుగు, పొదుగు, కాళ్ల కింది భాగం, తోక కుచ్చు. సగం సంకర పెయ్యకు నుదుటి మీద చుక్క, పొదుగు ముందు చిన్న తెల్లని అతుకు మాత్రమే ఉండటం దీనివల్లే. పెద్ద మచ్చలు రావాలంటే స్థూలంగా ఆ రూపాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. ఒంగోలు వైపు నుంచి అవి రావు కాబట్టి మొదటి తరంలో మచ్చలు దాదాపు కనిపించవు. ముప్పావు వంతు సంకరాల్లో రమారమి సగం దూడలకు మచ్చలు వస్తాయి, మిగతా సగానికి రావు. అన్నీ ముప్పావు వంతు దూడలే అయినా మచ్చలున్నదాన్ని ఎక్కువ ధరకు, లేనిదాన్ని తక్కువ ధరకు అమ్మేస్తున్నారు.

మచ్చ ఏ ఆకారంలో, సరిగ్గా ఎక్కడ వస్తుందో జన్యువులు కూడా పూర్తిగా నిర్ణయించవు. కణాల ప్రయాణంలో యాదృచ్ఛికత ఉంది. ఒకే ఆవు నుంచి క్లోనింగ్ ద్వారా పుట్టించిన దూడల్లోనూ మచ్చల అమరిక తేడాగా ఉంటుంది.

మచ్చలుంటే విదేశీ రక్తమేనన్న నమ్మకం దేశవాళీ జాతులకు మరీ అన్యాయం చేస్తోంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ సరిహద్దుల్లో కనిపించే దేవణి పశువులకు తెల్లని ఒంటి మీద నల్ల మచ్చలు జాతి లక్షణమే. నల్లమల పరిసరాల పొడ తూర్పు పశువులకు తెలుపు మీద గోధుమ రంగు పొడలు ఉంటాయి. వీటిని చూసి ఎక్కడో సంకరం జరిగిందనుకుని వదిలేస్తే ఆ ప్రాంతపు ఎండకు, కొండ మేతకు తరాలుగా అలవాటుపడిన పశుసంపద చేజారిపోతుంది.

దగ్గరికి వెళ్లి చూస్తే పశువుల్లో తెలుపు ఒక్కటి కాదని తెలుస్తుంది. హెచ్‌ఎఫ్ సంకరానికి తెల్ల మచ్చ ఉన్నచోట వెంట్రుకలను వేలితో పక్కకు తీస్తే అడుగున గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. అక్కడికి రంగు కణాలు అసలు చేరలేదు. ఒంగోలు పశువు ముట్టె నల్లగా ఉంటుంది. కనురెప్పలు, కంటి చుట్టూ వలయం, తోక కుచ్చు కూడా అంతే. తెల్లని వెంట్రుకల కింద చర్మంలోనూ నల్లని వర్ణకం కనిపిస్తుంది. ఇక్కడ కణాలు ఉన్నాయి, చర్మానికి వర్ణకం ఇస్తున్నాయి, వెంట్రుకకు మాత్రం దాదాపు ఇవ్వడం లేదు. మన ఎండలకు ఈ రెండో తెలుపు గొప్ప వరం. తెల్లని వెంట్రుక వేడిని చాలావరకు వెనక్కి కొడుతుంది, నల్లని చర్మం అతినీలలోహిత కిరణాలను లోపలికి పోనివ్వదు.

మొదటి రకం తెలుపుకు ఆ రక్షణ లేదు. లాంటానా వంటి విషపు మొక్కలు తిని కాలేయం దెబ్బతిన్న పశువులో ఈ తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఆకుల్లోని పత్రహరితం జీర్ణమయ్యాక మిగిలే పదార్థాన్ని కాలేయం బయటికి పంపలేకపోతే అది రక్తంలో పేరుకుని, చర్మంలో సూర్యకాంతి తగిలినచోట కణాలను కాల్చేస్తుంది. అప్పుడు హెచ్‌ఎఫ్ సంకర ఆవుకు తెల్ల మచ్చలున్న మేర మాత్రమే చర్మం బొబ్బలెక్కి, ఎండి, పెచ్చులుగా ఊడిపోతుంది. పక్కనే ఉన్న నల్ల మచ్చకు ఏమీ కాదు. గీత గీసినట్టు మచ్చ అంచు దగ్గర పుండు ఆగిపోతుంది. ఇలాంటి ఆవును వెంటనే నీడకు చేర్చి పశువైద్యుడికి చూపించాలి.

ఒంగోలు తెలుపు వెనక ఉన్న కథ ఇంకా పూర్తిగా తెలియలేదు గానీ, తెలిసినంతవరకూ ఆసక్తికరంగా ఉంది. కంగాయం వంటి దక్షిణాది జాతుల్లో దూడలు ఎర్రగా పుట్టి, ఆరు నెలల వయసు వచ్చేసరికి బూడిద రంగుకు మారతాయి. ఒంగోలు ఆబోతులకు తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద నీడ ఉంటుంది, కొన్నింటికి మోకాళ్ల దగ్గర నల్లని గుర్తులు ఉంటాయి. ఆవులకు అంత ఉండదు. మగ హార్మోను ప్రభావంతో ముదురు రంగు పెరుగుతుంది కాబట్టి వృషణాలు నొక్కించిన ఎద్దులు ఆబోతులకన్నా తేలిక రంగులో కనిపిస్తాయి. ఇదంతా అగౌటి మాట వినే సహజ రూపం వల్లే సాధ్యం. ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు వెళ్లి అక్కడ నెలోర్ పేరుతో ఆ దేశపు మాంసోత్పత్తికి వెన్నెముక అయ్యాయి. ఆ నెలోర్ పశువుల్లో కొన్ని ముదురుగా, కొన్ని తెల్లగా ఎందుకుంటున్నాయో వెతికిన పరిశోధకులకు 13వ క్రోమోజోము మీద సరిగ్గా అగౌటి జన్యువు ఉన్న ప్రాంతంలోనే తేడాలు దొరికాయి. 2021లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మన ఊళ్ల నుంచి వెళ్లిన పశువు రంగు గుట్టు సముద్రం అవతల ముందుగా బయటపడటం సంతోషించాల్సిన విషయమే. అలాంటి పరిశోధన ఇక్కడి మూల మందల మీద కూడా జరగాలి.

ఒంగోలు జాతిలో అరుదుగా ఎర్రవి, ఎరుపు తెలుపు కలిసినవి కూడా పుడుతుంటాయని పాత జాతి వర్ణనల్లోనే ఉంది. మూపురం, గంగడోలు, తల తీరు అన్నీ జాతికి తగ్గట్టే ఉన్నా రంగు ఒక్కటే వేరు. అలాంటి దూడను తీసేస్తే మంద శుద్ధి అవుతుందని చాలామంది నమ్ముతారు. లెక్క వేసి చూస్తే అలా జరగదని తేలుతుంది. రెండు వైపుల నుంచీ వస్తే తప్ప బయటపడని లక్షణం ఒకటుందనుకుందాం. వందకు ఒక దూడలో అది కనిపిస్తోందంటే, మందలో ఆ జన్యువుకున్న మొత్తం ప్రతుల్లో (ఒక్కో పశువులో రెండు) పదో వంతు ఆ రూపానివే. ఆ లెక్కన పైకి మామూలుగా కనిపిస్తూ లోపల ఒక ప్రతిని మోస్తున్న పశువులు వందకు 18 ఉంటాయి. కనిపించిన ఒక్కదాన్ని తీసేసినా ఆ 18 అలాగే ఉండి, తర్వాతి తరానికి అందిస్తూనే ఉంటాయి. మంచి తల్లి కడుపున పుట్టిన దూడను రంగు కోసం వదులుకోవడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. ఆంగస్ జాతిలో నలుపు రూపంతో పాటు ఎరుపు రూపం కూడా మొదటి నుంచీ దాగి ఉంది. నల్లని తల్లిదండ్రులకు అప్పుడప్పుడు ఎర్ర దూడలు పుట్టేవి. 1917 నుంచి ఎర్రవాటిని జాతి పుస్తకంలో నమోదు చేయడం మానేశారు. కొందరు పెంపకందార్లు ఆ తిరస్కరించిన దూడలనే చేరదీసి, 1954లో రెడ్ ఆంగస్ సంఘం పెట్టుకున్నారు. నేడు రెడ్ ఆంగస్ తన కాళ్ల మీద నిలబడిన జాతి.

హెచ్‌ఎఫ్‌లోనూ అదే ఎరుపు రూపం ఉంది. ఒక నలుపు, ఒక ఎరుపు ప్రతి ఉన్న ఆబోతును, అలాంటిదే అయిన ఆవును కలిపితే నాలుగింట ఒక దూడ ఎరుపు తెలుపు మచ్చలతో పుడుతుంది. సంకర ఆవుల్లోనైతే ఇంకా సులభం. సహజ రూపాన్ని మోస్తున్న రెండు నల్ల సంకరాలు కలిసినప్పుడు గోధుమ, బూడిద, ఎరుపు ఛాయల్లో ఏ రంగు దూడైనా పుట్టవచ్చు. ఇవన్నీ సక్రమంగా జరిగిన గర్భధారణకు వచ్చే ఫలితాలే. కార్యకర్త తప్పు చేశాడని రంగు ఒక్కటే చూసి తేల్చడం సబబు కాదు.

తిరగేసి చూస్తే, ఇద్దరు ఎర్రని హెచ్‌ఎఫ్ తల్లిదండ్రులకు నల్ల దూడ పుట్టకూడదు, ఎందుకంటే ఎరుపు రూపం రెండు ప్రతులున్నవారి దగ్గర నలుపు ఉండదు. దీనికీ ఒక మినహాయింపు ఉంది. 1980లో కెనడాలో పుట్టిన ఒక హోల్‌స్టీన్ పెయ్యలో కొత్తగా తలెత్తిన మార్పు వల్ల ఎరుపు పైచేయి లక్షణంగా మారింది. మార్పు జరిగింది ఎంసీ1ఆర్‌లో కాదు, కోపా అనే వేరే జన్యువులో. ఆ వంశపు ఎర్ర ఆవు లోపల నలుపు రూపాన్ని దాచుకుని, నల్ల దూడను కనగలదు. ఒకే ఎరుపు రెండు దారుల్లో రావచ్చు. కంటితో చూసి జన్యువును చెప్పడం ఎంత కష్టమో తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రంగుకు పశువు సామర్థ్యంతో ఏ సంబంధమూ లేదని కొట్టిపారేయడమూ పొరపాటే. కొన్ని రంగు జన్యువులకు ఒంట్లో వేరే పనులూ ఉన్నాయి. ఇంగ్లండులో రూపుదిద్దుకున్న షార్ట్‌హార్న్ జాతిలో ఎరుపుకు, తెలుపుకు పుట్టిన దూడలో రెండు రంగుల వెంట్రుకలూ కలగలిసి ఉంటాయి. ఇక్కడ ఏదీ పైచేయి కాదు. దీనికి కారణమైన కిట్ లిగాండ్ జన్యువు పునరుత్పత్తి అవయవాల ఎదుగుదలలోనూ పాల్గొంటుంది. అందువల్ల పూర్తి తెల్ల పెయ్యల్లో కొన్నింటికి గర్భాశయం, యోని మార్గం సరిగా ఏర్పడక చూలు నిలవదు. బెల్జియన్ బ్లూ జాతిలోనూ ఇదే సమస్య ఉంది. అక్కడ రంగు చూసి జతలు కట్టడంలో అర్థం ఉంది. ఒంగోలు తెలుపుకు ఈ జన్యువుతో సంబంధం ఉన్నట్టు ఇంతవరకు తేలలేదు కాబట్టి మన రైతులు దీనికి భయపడనక్కరలేదు.

వేడి సంగతి కూడా నిజమే. నల్లని ఒళ్లు ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఆరుబయట కట్టేసిన నల్ల సంకర ఆవు రొప్పుతూ మేత తగ్గిస్తుంది, ఆ వెంటనే పాలు తగ్గుతాయి. దీనికి పరిష్కారం నీడ, నీళ్లు, గాలి ఆడే పాక.

రంగులో వచ్చే ప్రతి మార్పూ పుట్టుకతో వచ్చింది కాదు. నల్లగా నిగనిగలాడిన ఆవు వెంట్రుకలు క్రమంగా తుప్పు రంగుకు మారి, కళ్ల చుట్టూ పాలిపోతే రాగి లోపాన్ని అనుమానించాలి. వర్ణకం తయారీలో మొదటి మెట్టు నడిపించే టైరోసినేజ్ అనే ఎంజైముకు రాగి తప్పనిసరి. మేతలో రాగి తక్కువైనా, దాన్ని ఒంటికి పట్టనివ్వని మాలిబ్డినం ఎక్కువైనా నలుపు వెలిసిపోతుంది. ఇలాంటి ఆవును సంతకు తోలేముందు ఖనిజ లవణ మిశ్రమం గురించి పశువైద్యుడిని అడగడం మేలు.

నల్లావు పాలకు ప్రత్యేక గుణాలున్నాయని, ఫలానా రంగు ఆవుకే ఏ2 పాలని కొందరు ప్రచారం చేసి అధిక ధర అడుగుతున్నారు. ఏ1, ఏ2 తేడా బీటా కేసిన్ అనే పాల ప్రోటీనులో ఉంటుంది. ఆ జన్యువు ఆరో క్రోమోజోము మీద ఉంది. నలుపును నిర్ణయించే జన్యువు ఉన్నది 18వ దాని మీద. రెండూ దేనికది విడిగా దూడకు చేరతాయి. ఏ2 అని చెప్పేవారు పరీక్ష కాగితం చూపించాలి, రంగు చూపిస్తే సరిపోదు.

విదేశీ రక్తం ఎంతుందో నిజంగా తెలుసుకోవాలంటే ఇప్పుడు దారి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో దేశవాళీ జాతుల కోసం ఇండిగౌ అనే జన్యు చిప్‌ను తెచ్చింది. 2024 అక్టోబరులో గౌ చిప్ పేరుతో పశువులకు ఉమ్మడి చిప్ కూడా విడుదలైంది. కొద్దిపాటి రక్తంతోనో, కుదుళ్లతో సహా పీకిన కొన్ని వెంట్రుకలతోనో వేల చోట్ల డీఎన్‌ఏను ఒకేసారి చదివి ఏ జాతి వాటా ఎంతో ఇలాంటి చిప్‌లతో లెక్కకట్టవచ్చు. ఇవి ప్రధానంగా పరిశోధనకు, ఆబోతుల ఎంపికకు వాడుతున్నారు. ప్రతి రైతు ముంగిటికీ చేరడానికి సమయం పడుతుంది. ఈలోగా చేతిలో ఉన్న ఆధారం కృత్రిమ గర్భధారణ నాడు వాడిన వీర్యపు గొట్టం. దాని మీద ఆబోతు సంఖ్య, జాతి, తయారైన కేంద్రం ముద్రించి ఉంటాయి. ఆ వివరాలను తల్లి చెవి పోగు మీది 12 అంకెల సంఖ్యకు జతచేసి నమోదు చేయించి, గొట్టాన్ని ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే దూడ తండ్రి ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. రెండు మూడు తరాలు వరుసగా రాసిపెట్టిన ఇంట్లో దూడ ఏ రంగులో పుట్టినా రక్తం వాటా కాగితం మీదే ఉంటుంది, పాల దిగుబడి రాసుకుంటే ఏ ఆబోతు కూతుళ్లు బాగా పాలిచ్చాయో కూడా తెలుస్తుంది.